జారేది ముందా, వెనకా? కారు హ్యాండ్లింగ్‌లోని బరువు లెక్క

మలుపులో కారు బాగా ఒరుగుతోందని ఎవరైనా అన్నారంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహా ఒక్కటే: "స్ప్రింగులు మార్చి గట్టివి వేయించు." నేనూ అదే చేశాను. నా పాత హ్యాచ్‌బ్యాక్‌ని 40 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు కొని వేయించాను. కారు నేలకి అతుక్కున్నట్టు కనిపించేది. ఆ వారమంతా పార్క్ చేసిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను. తర్వాతి వారం, కాస్త గతుకులున్న ఓ పొడవాటి మలుపులో, స్టీరింగ్ తిప్పి పట్టుకునే ఉన్నా కారు ముక్కు ఒక్కసారిగా బయటికి జారింది. పాత మెత్తటి స్ప్రింగులతో అదే మలుపు అదే వేగంలో ఎన్నోసార్లు తిరిగాను, ఎప్పుడూ ఇలా కాలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఎందుకు జారిందో అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. బాడీ ఒరగడం వేరు, బరువు ఒక టైరు మీంచి ఇంకో టైరు మీదికి మారడం వేరు అని నాకప్పటికి తెలియదు. కంటికి కనిపించేది మొదటిది. కారు జారాలా వద్దా అని తేల్చేది రెండోది.

ఆగి ఉన్న కారు తన బరువుని నాలుగు టైర్లకి పంచి కూర్చుంటుంది. కదిలితే ఆ పంపకం మారుతుంది. బ్రేక్ వేస్తే బరువు ముందుకి వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి పోతుంది, మలుపు తిరిగితే బయటివైపు టైర్ల మీద పడుతుంది. ఎంత పడుతుందో లెక్కగట్టడం కష్టం కాదు. కారు బరువుని దాని గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు) ఎత్తుతోనూ, మలుపు తీవ్రతతోనూ గుణించి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో భాగించాలి. 1200 కిలోల కారు అనుకుందాం. గరిమనాభి నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు. గురుత్వాకర్షణలో 0.8 వంతు బలంతో మలుపు తిరిగితే దాదాపు 350 కిలోలు లోపలి టైర్లని వదిలి బయటి టైర్ల మీదికి వెళ్తాయి. అంటే చెరోవైపు 600 కిలోలు ఉన్న కారు, మలుపు మధ్యలో ఒకవైపు 950, ఇంకోవైపు 250 అవుతుంది.

ఆ లెక్కలో స్ప్రింగు ఊసే లేదు చూడండి. స్ప్రింగు మెత్తగా ఉన్నా, గట్టిగా ఉన్నా, అసలు స్ప్రింగు బదులు ఇనప కడ్డీ బిగించినా ఆ 350 కిలోలు మారాల్సిందే. బాడీ ఒరిగినప్పుడు గరిమనాభి కొద్దిగా పక్కకి జరుగుతుంది కాబట్టి కాస్త తేడా వస్తుంది కానీ, మామూలు కార్లలో అది చిన్నదే. అదే మలుపు అదే వేగంలో తిరుగుతూ బరువు మారడం తగ్గాలంటే కారు తేలికవ్వాలి, లేదా గరిమనాభి కిందికి దిగాలి, లేదా చక్రాల మధ్య దూరం పెరగాలి. ఇంకో దారి లేదు.

మరి స్ప్రింగు చేసేదేంటి? ఈ 350 కిలోల్లో ముందు చక్రాల జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అని వాటా తేలుస్తుంది. అన్నదమ్ములిద్దరు తండ్రి చేసిన అప్పు పంచుకున్నట్టు. అప్పు మొత్తం మారదు, ఎవరు గట్టిగా నిలబడితే వాళ్ల వాటా పెరుగుతుంది. ముందు సస్పెన్షన్ బిగిస్తే ముందు జతలో ఎక్కువ బరువు లోపలి టైరు నుంచి బయటి టైరుకి మారుతుంది, వెనక జతలో ఆ మేరకి తగ్గుతుంది.

టైరుకున్న ఒక గుణం తెలిస్తే ఈ వాటాకి అంత ప్రాముఖ్యం ఎందుకో అర్థమవుతుంది. టైరు మీద బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో కాదు. ఉదాహరణ కోసం అంకెలు వేసుకుందాం: 300 కిలోల బరువున్న టైరు 300 కిలోల పట్టు ఇస్తుందనుకోండి. దాని మీద 450 వేస్తే 450 ఇవ్వదు, ఏ 420 దగ్గరో ఆగుతుంది. జతలో రెండోదాని మీద మిగిలిన 150కి 160 వస్తుందనుకుందాం. రెండు టైర్ల మీద సమానంగా ఉన్నప్పుడు వచ్చిన పట్టు 600, ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు 580. మొత్తం బరువు అదే, పట్టు మాత్రం తగ్గింది. ఏ జతలో బరువు ఎక్కువగా అటూ ఇటూ మారుతుందో ఆ జత మొదట జారుతుంది. సస్పెన్షన్ సర్దడం మీద ఎన్ని పాఠాలు చదివినా, చివరికి తేలేది ఇదే.

ముందు చక్రాలు మొదట జారితే అండర్‌స్టీర్ అంటారు. స్టీరింగ్ తిప్పినంతగా కారు తిరగదు. వెనక చక్రాలు మొదట జారితే ఓవర్‌స్టీర్, అప్పుడు తిప్పినదానికన్నా ఎక్కువగా తిరిగిపోతుంది. ఈ మాటల్ని వాడుకలోకి తెచ్చినవాళ్లలో మారిస్ ఓలీ ఒకడు. రోల్స్ రాయిస్ నుంచి వచ్చి 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు.

ఇక్కడి నుంచి వచ్చే సూత్రం మొదట వింటే తలకిందులుగా అనిపిస్తుంది. ముందు భాగం జారుతుంటే ముందు మెత్తబరచాలి, లేదా వెనక బిగించాలి. జారే వైపుని ఇంకా బిగించడం జబ్బుని పెంచడమే. చాలామంది చేసే పని మాత్రం సరిగ్గా అదే, నేను చేసిందీ అదే.

ఈ వాటా మార్చడానికి స్ప్రింగుల కన్నా చేతికి అందే సాధనం యాంటీ రోల్ బార్. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే మెలి తిరిగే కడ్డీ అది. రెండు చక్రాలూ ఒకేసారి ఎత్తు మీదికి ఎక్కితే అది పనిచేయదు, ఒకటి పైకి ఒకటి కిందికి పోతేనే అడ్డుపడుతుంది. కాబట్టి తిన్నగా వెళ్లేటప్పుడు ప్రయాణ సుఖం పెద్దగా చెడదు. దీంట్లో ఒక కిటుకుంది. ఒకే రకం గట్టి కడ్డీ అయితే దాని బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ తీసి 22 మిల్లీమీటర్లది వేస్తే చేతికి తేడానే తెలియదు, కానీ బిగువు 46 శాతం పెరిగిపోతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లకి వెనక లావు బార్ వేసి గట్టిగా మలుపు తిప్పితే, లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. చూసేవాళ్లు భయపడతారు కానీ, ఆ చక్రం మీద అప్పటికి బరువు సున్నా. వెనక జత ఇక అంతకన్నా మోయలేదు, ఆ పైన మారే బరువంతా ముందు జతే మోయాలి.

మరి కంపెనీలు దాదాపు అన్ని రోడ్డు కార్లనీ కొంత అండర్‌స్టీర్ ఉండేలా ఎందుకు తయారుచేస్తాయి? భయపడిన మనిషి సాధారణంగా చేసే పని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం. ముందు జారుతున్నప్పుడు కాలు తీస్తే బరువు ముందుకొచ్చి పట్టు దొరుకుతుంది, కారు దారిలో పడుతుంది. అదే వెనక జారుతున్నప్పుడు కాలు తీస్తే వెనక ఇంకా తేలికై గిరగిరా తిరిగిపోతుంది. కాబట్టి కంపెనీ పెట్టిన అండర్‌స్టీర్‌ని పూర్తిగా తీసేయాలన్న ఉబలాటం పడేముందు, వానలో ఆ కారు నడిపేది ఇంట్లో ఇంకెవరైనానా అని కూడా ఆలోచించుకోవాలి.

ఖర్చు లేని సాధనం ఇంకోటుంది, టైర్లలో గాలి. 1960లో వచ్చిన షెవ్రొలే కోర్వెయిర్ కథ దీనికి మంచి సాక్ష్యం. ఇంజన్ వెనక ఉండేది. వెనక సస్పెన్షన్ స్వింగ్ యాక్సిల్ రకం, చక్రం కిందికి వేలాడితే బాగా ఒంగిపోయేది. ముందు యాంటీ రోల్ బార్ లేదు. వెనక జారకుండా ఉండడానికి కంపెనీ గాలి లెక్క మీద ఆధారపడింది: చల్లటి టైర్లలో ముందు 15 పీఎస్‌ఐ, వెనక 26. ముందు టైర్లని కావాలని మెత్తగా ఉంచడమన్నమాట. ఇది తెలియక నాలుగింటికీ సమానంగా గాలి కొట్టించారంటే, ఆ కారుకున్న ఒకే ఒక్క తూకం పోయినట్టే. 1964 మోడల్‌కి ముందు బార్ తప్పనిసరి చేశారు, 1965కి వెనక సస్పెన్షన్ మొత్తం మార్చేశారు. కారు స్వభావాన్ని గాలి మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో పెట్టడం డిజైన్ తప్పే అని నా అభిప్రాయం. కానీ గాలి అంత పని చేయగలదన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఏ కారుకైనా తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద ముందుకి, వెనకకి వేర్వేరు అంకెలు ఉంటే, అవి ఊరికే వేసినవి కావు.

షాక్ అబ్జార్బర్ల పని వేరు. ఎంత బరువు మారాలన్నది అవి నిర్ణయించవు, ఎంత త్వరగా మారాలన్నదే వాటి చేతిలో ఉంది. మలుపు మధ్యలో, స్టీరింగ్ కదలకుండా, వేగం మారకుండా కారు స్థిరంగా ఒరిగి ఉన్నప్పుడు షాక్ అబ్జార్బర్ దాదాపు నిద్రపోతూ ఉంటుంది. దాని పనంతా మలుపులోకి దిగే అర సెకనులోనూ, బయటికొచ్చే అర సెకనులోనూ, గతుకుల మీదా. కాబట్టి "మలుపు మొదట్లో బాగానే ఉంది, మధ్యలో జారుతోంది" అన్నవాడికి షాక్ అబ్జార్బర్ నాబ్ తిప్పమనడం వల్ల ఉపయోగం తక్కువ. జారుడు ఎప్పుడు మొదలవుతోంది, దిగేటప్పుడా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కాకా అన్నది గమనిస్తే సగం రోగ నిర్ధారణ అయినట్టే.

ఇప్పుడు నా కారు దగ్గరికొద్దాం. ఎవరో చెప్పారని ముందు షాక్ అబ్జార్బర్ల మెరిసే కడ్డీకి ఒక జిప్ టై చుట్టి, కిందికి నెట్టి వదిలేశాను. సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడల్లా అది కడ్డీ మీద పైకి జరుగుతుంది, ఎంతదాకా నొక్కుకుందో గుర్తు మిగిలిపోతుంది. అదే రోడ్డు మీద మెల్లగానే ఒక చుట్టు తిరిగొచ్చి, జాక్ ఎక్కించి, స్టాండ్లు పెట్టి చక్రం ఊడదీసి చూస్తే జిప్ టై పైన ఉన్న రబ్బరు బంప్ స్టాప్‌కి ఆనుకుని నలిగి ఉంది. బంప్ స్టాప్ అంటే సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు ఇనుము ఇనుముని కొట్టకుండా అడ్డం పెట్టే రబ్బరు ముక్క. కారుని 40 మిల్లీమీటర్లు దించానంటే, నొక్కుకోవడానికి ఉన్న దూరంలో అంత మేర మింగేశానన్నమాట. మలుపులో బయటి ముందు చక్రం మామూలుగా నొక్కుకునే దూరానికే రబ్బరుకి తగిలింది. తగిలిన క్షణంలో ఆ స్ప్రింగు బిగువు ఎన్నో రెట్లు పెరిగినట్టయింది, బరువు వాటా హఠాత్తుగా ముందు జత మీద పడింది, ముక్కు జారింది. గట్టి స్ప్రింగు చేసిన తప్పు కొంతే, పొట్టి స్ప్రింగు చేసింది ఎక్కువ.

కిందికి దించడంలో కనిపించని దెబ్బ ఇంకోటుంది. చాలా మామూలు కార్లలో ముందు ఉండేది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఇంజనీరు ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ పేరు మీద వచ్చిన ఏర్పాటు. దీంట్లో కారుని దించితే గరిమనాభి దిగుతుంది, మంచిదే. కానీ బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. రెండిటి మధ్య దూరమే బాడీని ఒరగదీసే గడ. అది పొడవెక్కుతుంది. గట్టి స్ప్రింగుతో వచ్చిన లాభంలో కొంత ఇక్కడ పోతుంది. పైగా చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి అడ్డంగా ఉండాల్సింది చక్రం వైపు పైకి లేచి ఉంటే, ఇంకా నొక్కుకున్నప్పుడు చక్రం లోపలికి వాలాల్సింది పోయి బయటికి వాలుతుంది, టైరు అంచు మీద నడుస్తుంది.

కదలని బరువు సంగతి కూడా చూడాలి. ముందు వెనక 50:50 ఉంటే గొప్ప అని బీఎండబ్ల్యూ ప్రకటనలు జనంలోకి ఎక్కించాయి. మంచి అంకే, మంత్రం మాత్రం కాదు. పోర్షే 911లో దాదాపు 60 శాతం వెనకే ఉంటుంది. వెనక టైర్లు వెడల్పుగా వేసి, సస్పెన్షన్ దానికి తగ్గట్టు సర్ది దాన్ని దారికి తెచ్చారు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు దాని నాలుగు టైర్లూ దాదాపు సమానంగా పనిచేస్తాయి, బయటికొచ్చేటప్పుడు నడిపే చక్రాల మీద బరువు ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే కార్లలో 60 శాతానికి పైగా ముందే ఉండడం మామూలే. దాన్ని కొంచెం మార్చాలంటే బ్యాటరీ ఒక దారి. 15 కిలోల బ్యాటరీని ముందు నుంచి 3 మీటర్లు వెనక్కి డిక్కీలోకి జరిపితే, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లున్న కారులో ముందు యాక్సిల్ మీద 18 కిలోలు తగ్గి, వెనక 18 పెరుగుతాయి. పదిహేను జరిపితే పద్దెనిమిది ఎలా అంటారేమో, అది మీట లెక్క. మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5లో బ్యాటరీ డిక్కీలోనే ఉండేది. అయితే బరువుల్ని రెండు కొసల్లో పెడితే కారు తిరగడం మొదలెట్టడానికి బద్ధకిస్తుంది, తిరగడం మొదలెట్టాక ఆగడానికీ మొండికేస్తుంది. వీలైనంత మధ్యకి, కిందికి చేర్చడం మేలు.

డబ్బు పెట్టి సస్పెన్షన్ మార్చేవాళ్లు కూడా పట్టించుకోనిది డిక్కీలో, పైన పెట్టే సామాను. వెనక యాక్సిల్‌కి 60 సెంటీమీటర్లు వెనకగా 100 కిలోలు పెడితే వెనక చక్రాల మీద 124 కిలోలు పెరిగి, ముందు 24 తగ్గుతాయి. తేలికైన ముందు చక్రాలతో స్టీరింగ్ తేలినట్టుంటుంది. కారు పైన క్యారియర్ మీద 60 కిలోలు కడితే 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గరిమనాభి 60కి చేరుతుంది. మలుపులో మారే బరువు దాదాపు 15 శాతం ఎక్కువవుతుంది. గరిమనాభి ఎత్తు ఎంత పని చేస్తుందో 1997లో మెర్సిడెస్ ఏ-క్లాస్ లోకానికి చూపించింది. ఎత్తు ఎక్కువ, పొడవు తక్కువ ఉన్న ఆ కొత్త కారు స్వీడన్‌లో ఒక పత్రిక చేసిన పరీక్షలో పల్టీ కొట్టింది. రోడ్డుకి అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టు గబుక్కున ఒకవైపుకి, మళ్లీ రెండోవైపుకి తిప్పే పరీక్ష అది. కంపెనీ అమ్మకాలు కొన్నాళ్లు ఆపి, సస్పెన్షన్ మార్చి, జారుడుని పసిగట్టి చక్రానికో రకంగా బ్రేక్ వేసే ఈఎస్‌పీని అన్నిటికీ పెట్టి మళ్లీ తెచ్చింది.

ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు చేసే కార్నర్ వెయిటింగ్ నాకు అన్నిటికన్నా ముచ్చటేసే పని. నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెడతారు. పలకలన్నీ ఒకే మట్టంలో ఉండాలి, నేలలో చిన్న తేడా ఉన్నా లెక్క తప్పుతుంది. పెట్రోలు సగం, డ్రైవరు సీట్లో మనిషో అంత బరువున్న ఇసక బస్తాలో, యాంటీ రోల్ బార్ లింకు విప్పి. ఇలాంటి అంకెలు వస్తాయనుకోండి: ముందు ఎడమ 365, ముందు కుడి 295, వెనక ఎడమ 205, వెనక కుడి 235. మొత్తం 1100. ముందు ఎడమనీ వెనక కుడినీ కలిపితే 600, రెండో మూలల జత 500. ఒక కాలు పొడుగైన బల్ల ఎలా ఉంటుందో ఈ కారు అలా ఉంది, మూలకి మూల మీద నిలబడి. కుడివైపు తిరిగితే ముందు జతలో అప్పటికే ఉన్న ఎగుడుదిగుడు ఇంకా పెరిగి ముక్కు జారుతుంది. ఎడమవైపు తిరిగితే వెనక జతకి ఆ గతి పడుతుంది. ఒకే కారు ఒక మలుపులో అండర్‌స్టీర్, ఇంకో మలుపులో ఓవర్‌స్టీర్. ఇలాంటి కారుకి బార్లు ఎన్ని మార్చినా పిచ్చెక్కుతుంది తప్ప కుదరదు.

ఎత్తు సర్దుకునే కాయిలోవర్లుంటే (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉండేవి) మందు సులువు. ముందు కుడి, వెనక ఎడమ స్ప్రింగు సీట్లని, అంటే స్ప్రింగు కింద ఆనే పళ్లేలని, కొద్దిగా పైకి తిప్పుతారు, మిగతా రెండిటినీ ఆ మేర కిందికి. కారుని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించి, బాడీని నొక్కి వదిలి మళ్లీ తూస్తారు. 340, 320, 230, 210 వచ్చాయంటే రెండు మూలల జతలూ 550 చొప్పున సమానమైనట్టు. ఇక్కడో విచిత్రం గమనించండి: ముందు మొత్తం 660, ఎడమ మొత్తం 570. తిప్పకముందూ అంతే, తిప్పాకా అంతే. స్ప్రింగు సీటు తిప్పడం వల్ల మూలల మధ్య తూకం మారుతుంది గానీ, ముందు వెనకా, ఎడమ కుడీ శాతాలు మారవు. వాటికోసం సామానే జరపాలి.

వీల్ అలైన్‌మెంట్ గురించి ఇక్కడ క్లుప్తంగానే. క్యాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం, ముందు కొద్దిగా లోపలికి వాల్చితే ముందు పట్టు పెరుగుతుంది. వెనక చక్రాలకి కొద్దిపాటి టో ఇన్, అంటే ముందు అంచులు లోపలికి చూడడం, వెనక భాగాన్ని నిలకడగా ఉంచుతుంది. ఎత్తు మార్చితే ఈ రెండూ మారిపోతాయి, కాబట్టి అలైన్‌మెంట్ ఎప్పుడూ చివర చేయించాలి. రెండు టైర్లే కొత్తవి కొంటే వెనక వేయించడం మంచిది, ముందు చక్రాలతో నడిచే కారైనా సరే. తడి రోడ్డు మీద అరిగిన వెనక టైర్లు చేసే పని కన్నా అరిగిన ముందు టైర్లు చేసేది నయం.

నేను చివరికి చేసింది చిన్న పనే. 40 మిల్లీమీటర్ల స్ప్రింగులు తీసేసి 15 మిల్లీమీటర్లు మాత్రమే దించేవి వేయించాను, ముందు బార్ ముట్టుకోలేదు, వెనక ఒక సైజు లావు బార్ వేయించాను. ఒక్కో మార్పు తర్వాత గాలి చూసి, అదే మలుపు తిరిగి, నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇప్పుడు బాడీ ఇదివరకటిలాగే కాస్త ఒరుగుతుంది. జిప్ టై బంప్ స్టాప్‌కి వేలెడు దూరంలో ఆగి ఉంటోంది.